26 ఫ్రేములు, ఒక కాంక్రీట్ ఫ్లాట్: నల్లగండ్లలో ఒక ఇంటి గోడల కేస్ స్టడీ

రాజమండ్రిలో నలభై ఏళ్లు కాపురం చేసిన పెంకుటిల్లు అమ్మి, ఆ పెద్ద దంపతులు హైదరాబాద్ నల్లగండ్లలో కొడుకు ఫ్లాట్‌కి మారారు. సామాన్లలో సగం అక్కడే ఎవరికో ఒకరికి ఇచ్చేశారు గానీ, గోడల మీద ఉన్నవి మాత్రం ఒక్కటీ వదల్లేదు. 26 ఫ్రేములు, ఫ్రేమ్ లేని ఒక కలంకారీ బట్ట పాత దుప్పట్లలో చుట్టుకుని వచ్చాయి. ఇళ్లలో బొమ్మలు, ఫొటోలు గోడకు అమర్చడం నా వృత్తి. ఈ ఇంటి పని గురించి వివరంగా రాస్తున్నది ఎందుకంటే, మన ఇళ్లలో గోడల దగ్గర వచ్చే చిక్కులు దాదాపు అన్నీ ఈ ఒక్క ఫ్లాట్‌లోనే ఎదురయ్యాయి. గట్టి కాంక్రీట్ గోడ, తూర్పు ఎండ, పోయినవాళ్ల ఫొటోలు, దేవుడి పటాలు, ఎవరి ఇష్టం వాళ్లదైన మూడు తరాలు.

బొమ్మ ఎక్కడ ఉండాలో, ఎంత ఎత్తులో ఉండాలో తేల్చేవి రెండే: దాన్ని రోజూ చూసే మనిషి, దాని మీద పడే వెలుతురు. గోడ మీద ఎంత ఖాళీ ఉందన్నది ఆ తర్వాతి లెక్క. చాలా ఇళ్లలో ఇది తిరగబడుతుంది. ఖాళీ గోడ కనిపిస్తుంది, దానికి సరిపోయే బొమ్మ కోసం వెతుకుతారు. ఈ ఇంట్లోనూ కొడుకు మొదట అడిగింది అదే: "ఎంట్రన్స్‌లోంచి చూస్తే ఎదురుగా ఉన్న గోడ బోసిగా ఉంది, అక్కడ కలంకారీ పెట్టేయండి." ఆ గోడ మీద కలంకారీ ఎందుకు పెట్టలేదో కొంచెం ఆగి చెబుతాను.

వచ్చిన వాటి జాబితా

నలుపు తెలుపు కుటుంబ ఫొటోలు 11. అందులో పెద్దాయన తల్లిదండ్రుల దండ వేసిన ఫొటోలు రెండు. రంగుల ఫొటోలు 5. రవివర్మ ప్రెస్ లిథో (రాతి అచ్చు) ప్రింట్లు 2, లక్ష్మి, సరస్వతి. లక్ష్మి చీర మీద ఎవరో ఓపికగా జరీ, చమ్కీలు అంటించారు. తంజావూరు పటం ఒకటి, వెన్నకృష్ణుడు. చెక్క మీద వేసిన నిర్మల్ బొమ్మ ఒకటి. ఫ్రేమ్ కట్టిన చేర్యాల చిత్రం ఒకటి. వడ్డాది పాపయ్య గారు వేసిన పాత పత్రికల ముఖచిత్రాలు 4, ఒకే సైజు ఫ్రేముల్లో. పెద్దాయన నాన్నగారి ఆంధ్రా యూనివర్సిటీ డిగ్రీ పట్టా. వీటితో పాటు శ్రీకాళహస్తి నుంచి కొన్న కల్పవృక్షం కలంకారీ, అయిదడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు.

మేకు ముట్టుకునే ముందు నేను చేసేది ఒకటే. ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారో అక్కడ నేనూ కూర్చుంటాను. ఈ ఇంట్లో పెద్దాయన పడక కుర్చీ బాల్కనీ తలుపు పక్కన ఉంటుంది. పొద్దున పేపరు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం ఫోను, అన్నీ అందులోనే. ఆవిడ ఎక్కువ సేపు ఉండేది వంటింట్లో, డైనింగ్ టేబుల్ దగ్గర. కోడలు ఇంటి నుంచే పని చేస్తుంది, మూడో గదిలో టేబుల్ వేసుకుంది. సోఫాలో కూర్చునేది ప్రధానంగా చుట్టాలు, టీవీ చూసేటప్పుడు మనవడు. ఈ నాలుగు సంగతులు కాగితం మీద రాసుకుంటే, సగం బొమ్మలు వాటి చోటు అవే వెతుక్కున్నాయి.

పాత ఇంటి ఎత్తు, కొత్త ఇంటి ఎత్తు

పెద్దాయన పాత ఇంటి ఫొటో ఒకటి ఫోన్‌లో చూపించారు. తలుపుల ద్వారబంధాల పైన, దాదాపు ఎనిమిదడుగుల ఎత్తులో, వరసగా ఫ్రేములు. అన్నీ తాడుతో ముందుకు వంగి ఉన్నాయి. "అమ్మాయ్, ఇలాగే కట్టించు" అన్నారు.

ఆ పద్ధతిని తీసిపారేయడానికి లేదు. పాత ఇళ్లకు పన్నెండడుగుల గోడలు ఉండేవి, కింద అంతా గూళ్లు, తలుపులు, మంచాలు. మనుషులు ఎక్కువగా చాప మీదో పీట మీదో కూర్చునేవారు. కింద కూర్చుని అంత ఎత్తున ఉన్న అద్దంలోకి చూస్తే కిటికీ వెలుతురే కనబడుతుంది, మనిషి మొహం కనబడదు. ఫ్రేమ్ ముందుకు వంచితే ఆ మెరుపు పోతుంది, మొహం మన వైపు తిరుగుతుంది. చాలా తెలివైన ఏర్పాటు అది. కానీ ఈ ఫ్లాట్‌లో ఫాల్స్ సీలింగ్ తొమ్మిది అడుగులకే ఉంది. మనుషులు కుర్చీల్లో కూర్చుంటారు, లేదా నిలబడి వెళ్తుంటారు. ఇక్కడ ఎనిమిదడుగుల ఎత్తున కడితే ఫ్రేమ్ పై అంచు సీలింగ్‌కి తగులుతుంది, ఫొటోలోని మనిషిని మెడ ఎత్తి చూడాలి.

మ్యూజియంలలో బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండేలా చూస్తారు. నిలబడ్డ మనిషి కంటికి అది దగ్గర. నేను 58 దగ్గర మొదలుపెట్టి, చూసే మనిషిని బట్టి దించుతాను. పెంచడం మాత్రం అరుదు. మన వాళ్లలో, ముఖ్యంగా పెద్దవాళ్లున్న ఇంట్లో, 60 దాటితే ఎక్కువే అవుతుంది.

లెక్క తేలిక. తంజావూరు పటం ఫ్రేమ్‌తో కలిపి 28 అంగుళాల ఎత్తు. మధ్యభాగం 58లో ఉండాలంటే పై అంచు 58కి 14 కలిపి 72లో ఉంటుంది. వెనక తగిలించే కొక్కెం పై అంచుకు 3 అంగుళాల కింద ఉంది. అంటే స్క్రూ 69 అంగుళాల దగ్గర. వెనక తీగ కట్టి ఉంటే, ఆ తీగను వేలితో పైకి లాగి పట్టుకుని కొలవాలి. వదులుగా ఉన్నప్పుడు కొలిస్తే ఫ్రేమ్ అనుకున్న దానికంటే ఒక అంగుళమో రెండో కిందికి దిగుతుంది.

గోడ సంగతి

ఇది అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో, అంటే అచ్చులతో, పోత పోసిన భవనం, అందరూ మైవాన్ అంటారు. గోడలన్నీ కాంక్రీటే. మామూలు స్టీల్ మేకు కొడితే వంగిపోతుంది, పుట్టీ పెచ్చు లేస్తుంది. మామూలు డ్రిల్‌తో పోరాడితే బిట్టు కాలుతుంది, రంధ్రం పెద్దదై గుండ్రదనం పోతుంది. రోటరీ హ్యామర్, అంటే తిరుగుతూనే సుత్తిలా కొట్టే డ్రిల్, తెచ్చుకోవాలి. 6 ఎం.ఎం. బిట్టు, అదే సైజు నైలాన్ ప్లగ్, ఒకటిన్నర అంగుళాల స్క్రూ. ఇంట్లో వేలాడే వాటిలో చాలావాటికి ఇది చాలు. బిట్టు హఠాత్తుగా ఆగి లోహం మీద లోహం రాసుకున్న చప్పుడు వస్తే అది కాంక్రీట్ లోపలి ఇనప చువ్వ. అక్కడ బలవంతం చేయకూడదు, ఒక అంగుళం పక్కకు జరగాలి.

మీ గోడ ఏదో తెలియకపోతే డ్రిల్ దుమ్ము చెబుతుంది. ఎర్రటి పొడి ఇటుక. బూడిద రంగు పొడి, బిట్టు మొండికేయడం కాంక్రీట్. తెల్లటి మెత్తని పొడి, బిట్టు వెన్నలో దిగినట్టు దిగిపోవడం ఏఏసీ బ్లాక్, అంటే లోపల గాలి గుల్లలుండే తేలికైన సిమెంటు బ్లాక్. ఈ మూడో దానిలో హ్యామర్ మోడ్ వాడితే రంధ్రం గుల్లయిపోతుంది. మామూలు పొట్టి ప్లగ్ కొన్నాళ్లకే వదులైపోతుంది. ఆ గోడకు పొడవాటి నైలాన్ ప్లగ్ వేయాలి, హ్యామర్ ఆపేసి డ్రిల్ చేయాలి.

కాంక్రీట్ ఫ్లాట్‌లలో కరెంటు పైపులు గోడ పోసేటప్పుడే లోపల పెట్టేస్తారు. స్విచ్ బోర్డు నుంచి అవి నిట్టనిలువుగా పైకో కిందికో వెళ్తాయి. అందుకే ప్రతి బోర్డుకు నిలువు గీతలో, అటూ ఇటూ అర అడుగు, నేను డ్రిల్ పెట్టను. గోడలోని తీగలను కనిపెట్టే డిటెక్టర్ ఏమీ లేదని చూపించినా సరే. బాత్రూమ్‌తో కలిసి ఉన్న గోడ కూడా అంతే, నీటి పైపుల భయం. దానికి తోడు చెమ్మ.

అంటించే టేపుల గురించి అందరూ అడుగుతారు, ఈ ఇంటి కోడలూ అడిగింది. పుట్టీ మీద వేసిన పెయింట్‌కి టేప్ అంటుకుంటుంది, నిజమే. కానీ పుట్టీ గోడకు ఎంత గట్టిగా అంటుకుని ఉందో ఎవరికీ తెలియదు. ఊడినప్పుడు టేప్ ఊడదు, పుట్టీ పెచ్చుతో సహా ఫ్రేమ్ కింద పడుతుంది. పిల్లల డ్రాయింగులు, అరకిలో లోపు తేలికవి అయితే వాడండి. అద్దం ఉన్న దేనికీ నేను వాడను. 4 ఎం.ఎం. అద్దం చదరపు అడుగుకు దాదాపు కిలో తూగుతుంది. రెండడుగులు బై అడుగున్నర ఫ్రేమ్ అంటే అద్దమే దాదాపు మూడు కిలోలు, చెక్క వేరే.

ఎండ

ఈ ఫ్లాట్ హాలు తూర్పు నుంచి పడమరకు పొడుగ్గా ఉంటుంది. తూర్పున బాల్కనీ తలుపు, పడమర చివర కొడుకు చెప్పిన బోసి గోడ. పొద్దుటి ఎండ నేరుగా ఆ గోడ మీదే పడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ రంగులు చెట్ల నుంచి, వేళ్ల నుంచి తీసినవి. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. నల్ల గీతకు బెల్లం, ఇనుము ఊరబెట్టిన కసిం వాడతారు. ఈ పద్ధతిలో వేసిన బట్ట ఉతుక్కి తట్టుకుంటుంది గానీ రోజూ పడే ఎండకు తట్టుకోదు. ముందు పసుపు వెలిసిపోతుంది. పసుపు, నీలం కలిపి తెచ్చిన ఆకుపచ్చ అప్పుడు నీలంగా మిగిలిపోతుంది. కల్పవృక్షం ఆకులన్నీ నీలమైపోతే ఆ బొమ్మలో ఇంకేం మిగులుతుంది? బట్టలు, కాగితం మీద బొమ్మలకు మ్యూజియంలు 50 లక్స్ (వెలుతురు కొలత) కంటే ఎక్కువ వెలుతురు పడనివ్వవు. ఇంట్లో పట్టపగలు అది కుదరదు. కనీసం నేరుగా ఎండ పడకుండా చూడటం మన చేతిలో ఉంది.

కలంకారీని ఉత్తరపు గోడకు, సోఫా పైకి మార్చాను. అక్కడ ఇంకో మెలిక ఉంది, దాన్ని చాలామంది చూడరు. హైదరాబాద్‌లో డిసెంబరులో సూర్యుడు ఉదయించేది సరిగ్గా తూర్పున కాదు, బాగా ఆగ్నేయం వైపు జరిగి. ఆ నెలల్లో తూర్పు తలుపులోంచి వచ్చే ఎండ ఏటవాలుగా ఉత్తరపు గోడ మీదికి వస్తుంది. జూన్‌లో ఈశాన్యం నుంచి వచ్చి దక్షిణపు గోడను తాకుతుంది. ఎండాకాలంలో వచ్చి చూసి "ఈ గోడకు ఎండ రాదు" అనుకుంటే సంక్రాంతి నాటికి లెక్క మారిపోతుంది. అందుకని కలంకారీని బాల్కనీ నుంచి వీలైనంత లోపలికి జరిపాను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దుటి పూట పల్చటి తెల్ల కర్టెన్ వేసి ఉంచాలని ఇంట్లో అందరికీ చెప్పాను. కర్టెన్ వేసే బాధ్యత పెద్దాయన తీసుకున్నారు, ఎలాగూ ఆ టైంకి ఆయన కుర్చీ అక్కడే.

మరి పడమర గోడ? అక్కడ వెలిసిపోయేది ఏదీ పెట్టకూడదు. ఆవిడ అటక సామాన్లలో మూడు ఇత్తడి పళ్లాలు కనిపించాయి, పెళ్లిలో పుట్టింటివాళ్లు ఇచ్చినవి. పళ్లాలు పట్టుకునే స్ప్రింగ్ తీగలతో వాటిని అక్కడ పెట్టాం. పొద్దుటి ఎండ పడితే అవి ఇంకా బాగుంటాయి. కొడుక్కి కావాల్సిందీ దొరికింది: తలుపు తీయగానే కంటికి ఆనే వస్తువు.

కలంకారీ వేలాడదీసిన పద్ధతి

దీన్ని అద్దంలో బిగించమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. అయిదు బై మూడు అంటే 15 చదరపు అడుగులు, అద్దమే 14 కిలోలు. పైగా నూలు బట్ట అద్దానికి ఆనుకుంటే వానాకాలం చెమ్మకు బూజు పడుతుంది. నాలుగు మూలలా మేకులు కొట్టడం అంతకంటే పెద్ద నష్టం. బరువంతా ఆ నాలుగు చోట్లే లాగి బట్ట చిరుగుతుంది.

బట్ట వెనక పై అంచు పొడుగునా ముందు నూలు పట్టీ కుట్టించాం, దాని మీద వెల్‌క్రో మెత్తని వైపు. కుట్టు చేత్తోనే, దారం కింది రంగు గీతల మీదికి రాకుండా. వెల్‌క్రో గరుకు వైపు ఒక చెక్క బద్దకు స్టేపుల్ చేసి, ఆ బద్దను గోడకు మూడు స్క్రూలతో బిగించాం. బరువు అంచు అంతటా సమానంగా పంచుకుంటుంది. ఉతకాలన్నా దుమ్ము దులపాలన్నా చేత్తో లాగితే వచ్చేస్తుంది. బద్దకు వార్నిష్ వేయించి, బట్టకూ దానికీ మధ్య ఉతికిన తెల్ల గుడ్డ పెట్టించాను, చెక్కలోని యాసిడ్ బట్టకు మరక పెట్టకుండా.

సైజు అదృష్టవశాత్తూ కుదిరింది. సోఫా 84 అంగుళాలు, కలంకారీ 60. సోఫా వెడల్పులో మూడింట రెండు వంతుల నుంచి నాలుగింట మూడు వంతుల దాకా ఉంటే కంటికి బాగుంటుంది, ఇది ఆ మధ్యలోనే ఉంది. సోఫా వీపు ఎత్తు 33. దానిపైన 7 అంగుళాలు వదిలితే కింది అంచు 40, మధ్యభాగం 58, పై అంచు 76. సోఫాకూ బొమ్మకూ మధ్య ఖాళీ ఒక అడుగు దాటితే బొమ్మ సోఫాతో సంబంధం లేకుండా గాల్లో తేలినట్టుంటుంది. మన హాళ్లలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే.

చేర్యాల చిత్రం, పడక కుర్చీ

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కుటుంబాలు వేసే ఈ చిత్రాలు మొదట పొడవాటి పటాలు. కథ చెప్పేవాళ్లు చుట్ట విప్పుకుంటూ ఒక్కో గడినీ చూపిస్తూ కులపురాణం చెప్పేవారు. చదవాల్సిన బొమ్మ అది. ఎర్రటి నేపథ్యం మీద ఎవరు ఎవరితో ఏం అంటున్నారో దగ్గర నుంచి చూడాలి. సోఫా మీద పెడితే ఎదురుగా పన్నెండడుగుల దూరం నుంచి ఎర్రటి మచ్చలా కనబడుతుంది. కల్పవృక్షం అలా కాదు, దూరానికి కూడా చెట్టు చెట్టులాగే ఉంటుంది.

అందుకే చేర్యాల చిత్రం పెద్దాయన పడక కుర్చీకి ఎదురుగా, నాలుగడుగుల దూరంలో, చిన్న అడ్డగోడ మీదికి వెళ్లింది. ఆ గోడ ముఖం బాల్కనీ వైపు కాకుండా తిరిగి ఉండటంతో ఎండ తాకదు. పడక కుర్చీలో వాలితే కంటి ఎత్తు 40 అంగుళాలే. నిలబడ్డవాళ్లకూ కుదరాలి కాబట్టి మధ్యభాగం 48లో పెట్టాను. కొడుకు చూడగానే "చాలా కిందికి ఉంది కదా" అన్నాడు. కుర్చీలో కూర్చుని చూడమన్నాను. కూర్చున్నాక ఇంకేం అనలేదు.

పోయినవాళ్లు, దేవుళ్లు

అన్నిటికంటే ఎక్కువ మాటలు నడిచింది ఇక్కడ. పోయినవాళ్ల ఫొటోలు దక్షిణపు గోడకే ఉండాలని, బతికున్నవాళ్ల ఫొటోలతో కలపకూడదని ఆవిడ పట్టు. కోడలికి హాల్లో దండలు వేసిన ఫొటోలు ఇష్టం లేదు. ఇద్దరిలో ఎవరినీ ఒప్పించే ప్రయత్నం నేను చేయలేదు. ఆవిడను ఒకటే అడిగాను: "పిన్ని గారూ, మీరు వాళ్లను ఎప్పుడు చూడాలనుకుంటారు?"

"మా అత్తగారు నేను వంట చేస్తుంటే కనబడాలమ్మా. ఇన్నేళ్లూ అలాగే అలవాటు."

డైనింగ్ దగ్గర దక్షిణపు గోడ సరిగ్గా వంటింటి తలుపుకు ఎదురుగా ఉంది. హాల్లోంచి నేరుగా కనబడదు. ఇద్దరి మాటా నెగ్గింది. ఇక్కడ ఎత్తు నిర్ణయించింది కన్ను కాదు, చెయ్యి. ఆవిడ ఎత్తు అయిదడుగుల లోపు. తద్దినానికీ, పండక్కీ, అప్పుడప్పుడూ ఊరికే కూడా దండ మారుస్తారు. స్టూలు ఎక్కి దండ వేయడం ఆ వయసులో మంచిది కాదు. నేల మీద నిలబడి చేయి చాపితే హాయిగా అందేలా పై అంచు 65 అంగుళాల దగ్గర పెట్టాను. ఫ్రేమ్ 20 అంగుళాలు కాబట్టి మధ్యభాగం 55. దండ బరువుకు, లాగడానికి కదలకుండా ఒక్కో ఫ్రేమ్‌కి రెండేసి స్క్రూలు. తడి పూలు అద్దం సందులోంచి ఫొటోలోకి నీళ్లు దింపుతాయి. అందుకని దండకు ఫ్రేమ్ పైన వేరే రెండు చిన్న కొక్కేలు పెట్టి, అవి ఫ్రేమ్ కంటే అర అంగుళం ముందుకు ఉండేలా చూశాను.

రవివర్మ ప్రింట్ల సంగతి వేరు. రవివర్మ ప్రెస్ 1894లో బొంబాయిలో మొదలైంది. మన ఇళ్లలో లక్ష్మీ సరస్వతులకు మనం ఊహించుకునే రూపం ఆ ప్రింట్ల నుంచి వచ్చిందే. ఆవిడ వాటిని పూజ గూట్లో పెట్టమన్నారు. నూనె దీపం మసి, అగరొత్తుల పొగ, కర్పూరం వేడి, మూడూ పాత కాగితానికి శత్రువులే. అంటించిన జరీ కింద జిగురు వేడికి వదులవుతుంది కూడా. "దేవుణ్ణి తీసుకొచ్చి హాల్లో పెడతామా అమ్మా?" అని ఆవిడ బాధపడ్డారు. రెండు ప్రింట్లూ స్కాన్ చేయించి, అదే సైజులో కొత్త ప్రింట్లు పూజ గూటికి కట్టించాం. అసలువి హాల్లో, చెప్పుల స్టాండు గానీ టీవీ గానీ లేని గోడ మీద, పక్కపక్కనే. పటాల కింద ఎవరూ కాళ్లు చాపుకుని కూర్చునే చోటు లేదని చూపించాక ఆవిడ ఒప్పుకున్నారు. నమ్మకం ఉన్న చోట సంరక్షణ పాఠం చెప్పి గెలవాలనుకోవడం తప్పు. ఆ నమ్మకానికి చోటు చూపించాలి.

తంజావూరు పటం బరువు తొమ్మిది కిలోల దాకా ఉంది. చెక్క మీద బట్ట, దాని మీద సుద్ద పూత, రాళ్లు, బంగారు రేకు. చెక్క చెమ్మకు ఉబ్బి, ఏసీ గాలికి బిగుసుకుంటే సుద్ద పగులుతుంది. బాత్రూమ్ గోడ, ఏసీ ఎదురు గోడ కాకుండా మిగిలింది పెద్దవాళ్ల పడకగదిలో లోపలి గోడ. అక్కడే పెట్టాం. తీగ తీసేసి, రెండు కొక్కేలు నేరుగా రెండు స్క్రూల మీద. తీగతో ఒకే మేకుకు వేలాడే బరువైన ఫ్రేమ్ ఎప్పుడూ పక్కకు ఒరుగుతుంది. తీగ ఎంత బిగుతుగా, అడ్డంగా ఉంటే దాని మీద లాగుడు అంత ఎక్కువ. నిర్మల్ బొమ్మ మెరిసే రంగుది, కిటికీకి ఎదురు పడకుండా డైనింగ్ పక్కన పెట్టేశాం.

పాసేజ్‌లో ఏడు ఫొటోలు

పడకగదులకు వెళ్లే పాసేజ్ నాలుగడుగుల వెడల్పు. వెనక్కి జరిగి చూసే వీలు లేని చోట చిన్న ఫొటోలే నప్పుతాయి. ఎండ అసలు రాదు. పాత నలుపు తెలుపు ఫొటోలకు ఇంతకంటే మంచి గోడ ఆ ఇంట్లో లేదు. భుజం తగిలి ఒరగకుండా లోతు తక్కువ ఫ్రేములు కట్టించాం, అంగుళం దాటకుండా. పాత ఫ్రేముల్లో ఫొటో నేరుగా అద్దానికి ఆని ఉంది, అందుకే యాసిడ్ లేని మౌంట్ బోర్డుతో, అంటే ఫొటో చుట్టూ పెట్టే మందపాటి అట్టతో, మధ్యలో ఖాళీ ఇచ్చాం. ఎక్కువ ఖర్చయింది ఈ ఫ్రేమింగ్‌కే, అది పెట్టదగ్గ ఖర్చు.

11లో రెండు దక్షిణపు గోడకు పోగా తొమ్మిది ఉండాలి. రెండు ఫొటోలు మాత్రం అద్దానికి అతుక్కుపోయాయి. చెమ్మకు పైపూత మెత్తబడి అద్దానికి పట్టేస్తుంది. కత్తితో గీకినా, నీళ్లు పెట్టినా మొహమే ఊడి వస్తుంది. అద్దంతో సహా స్కాన్ చేయించి, అసలువి అలాగే ఉంచేశాం.

మిగిలిన ఏడింటి సైజులూ వేర్వేరు. ముందు నేల మీద పరిచి, పెద్దాయనను పిలిచి వరస చెప్పమన్నాను. ఏళ్ల వరసే అడుగుతారనుకున్నాను. ఆయన మాత్రం మనుషుల వరస పెట్టారు: ముందు తాతగారి పెళ్లి, తర్వాత ఆ పెళ్లిలో పక్కన నిలబడ్డ మేనత్త పెద్దయ్యాక దిగిన ఫొటో, ఆవిడ చేతుల్లో పెరిగిన తమ్ముడు. ఒక ఫొటోలో పక్కన ఉన్న మనిషి తర్వాతి ఫొటోలో మధ్యలోకి వస్తారు. ఆ వరసను నేను ముట్టుకోలేదు. పై అంచులు కలపకుండా మధ్యభాగాలన్నీ 58 అంగుళాల గీత మీదికి తెచ్చాను, మధ్య ఖాళీలు రెండేసి అంగుళాలు. సైజులు వేరైనప్పుడు పై అంచులు కలిపితే కింద అంచు పళ్లు ఊడిన దువ్వెనలా కనిపిస్తుంది.

ప్రతి ఫ్రేమ్ సైజుకూ పాత పేపరు కత్తిరించి, స్క్రూ పడే చోట గుర్తు పెట్టి, మాస్కింగ్ టేపుతో గోడకు అంటించాం. రెండు రోజులు అలాగే ఉంచేశాం. అందరూ ఆ దారిలో తిరుగుతారు కాబట్టి ఎవరికి ఏది ఎబ్బెట్టుగా ఉన్నా తెలిసిపోతుంది. మనవడు బడి సంచితో వెళ్తూ చివరి పేపరును రోజూ చింపేస్తున్నాడు. అంటే అక్కడ ఫ్రేమ్ ఉంటే రోజూ తగులుతుంది. మొత్తం వరసను అయిదు అంగుళాలు పక్కకు జరిపాం. ఆ తర్వాత పేపరు మీదే డ్రిల్ చేసి, చింపి తీసేశాం.

కోడలి గదిలో

వడ్డాది పాపయ్య గారి నాలుగు ముఖచిత్రాలను కోడలు అడిగి తీసుకుంది, నాకు సంతోషం కలిగింది. ఒకే సైజు కాబట్టి రెండు మీద రెండుగా పెట్టాం. ఇలాంటి చదరపు అమరికలో గీతలు నాలుగు వైపులా కలుస్తాయి, రెండు ఎం.ఎం. తేడా కూడా కంటికి దొరికిపోతుంది. ఇక్కడ మాత్రం లేజర్ లెవెల్ వాడాను. మిగతా ఇల్లంతా రసమట్టంతోనే అయిపోయింది. పత్రిక కాగితం ఎలాగూ పసుపెక్కుతుంది కాబట్టి కిటికీ ఉన్న గోడ మీదే, కిటికీ పక్కన పెట్టాం. ఆ గోడ మీద ఆ కిటికీ ఎండ పడదు, వీడియో కాల్‌లో ఆమె వెనక కనబడతాయి కూడా.

తగిలించనివి

26లో 20 గోడలెక్కాయి. అతుక్కుపోయిన రెండు, రంగుల ఫొటోలు మూడు, డిగ్రీ పట్టా మిగిలాయి. పట్టా హాల్లో ఉండాల్సిందేనని పెద్దాయన అన్నారు. "బాబాయి గారూ, దాని మీద సిరా ఇప్పటికే సగం వెలిసింది, ఇంకో పదేళ్లు వెలుతురులో ఉంటే సంతకాలు కనబడవు" అని దీపం దగ్గర పెట్టి చూపించాను. అసలుది యాసిడ్ లేని కాగితంలో చుట్టి ఇనప బీరువాలో పడుకోబెట్టారు. దాని ప్రింట్ ఒకటి ఆయన పుస్తకాల అర పైన ఉంది. మూడు రంగుల ఫొటోలు టీవీ పక్క అల్మారాలో నిలబెట్టాం. డాలస్‌లో ఉన్న చిన్నకొడుకు పిల్లలవి అవి, ఏటా మారతాయి. వాటి కోసం ఏటా గోడకు రంధ్రం చేయనక్కర్లేదు.

కలంకారీ మీదికి, రవివర్మ ప్రింట్ల మీదికి సీలింగ్ లైట్లు పెట్టించారు. నిలువు గీతకు 30 డిగ్రీల వాలులో పడితే అద్దంలో మెరుపు రాదు, ఫ్రేమ్ నీడ పొడుగ్గా సాగదు. తొమ్మిది అడుగుల సీలింగ్‌కి, 58 అంగుళాల మధ్యభాగానికి అది గోడ నుంచి దాదాపు రెండున్నర అడుగుల దూరం. ఎలక్ట్రీషియన్ అలవాటుగా అడుగు దూరంలో రంధ్రం గుర్తు పెట్టాడు, అప్పటికి నేను ఉండబట్టి మార్పించాను. ఎల్ఈడీ 3000 కెల్విన్ (పసుపు ఛాయ వెలుతురు), సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే కొలత) 90 పైన ఉన్నవి తెప్పించాం. సీఆర్ఐ తక్కువైతే చేర్యాల ఎరుపు మట్టి రంగులా, కలంకారీ ఎరుపు గోధుమ రంగులా కనబడతాయి.

ప్రతి ఫ్రేమ్ కింది రెండు మూలలకూ చిన్న రబ్బరు బొత్తాలు అంటించాం, వెనక గాలి ఆడటానికి. వెనక భాగాన్ని బ్రౌన్ పేపరుతో మూసేయించాం, బల్లులు గుడ్లు పెట్టకుండా, జిగురు తినే పురుగులు లోపలికి పోకుండా. వానాకాలం పోయాక ఒకసారి అన్నీ దింపి వెనక చూడాలి: మచ్చలు, చెద మట్టి, బ్రౌన్ పేపరుకు చిల్లులు. అద్దం తుడిచేటప్పుడు స్ప్రే నేరుగా అద్దం మీద కొట్టకుండా గుడ్డ మీద కొట్టాలి, లేకపోతే కింది అంచులోంచి నీళ్లు మౌంట్‌లోకి దిగుతాయి. ఈ రెండూ రాసిన కాగితం వంటింటి క్యాలెండర్ వెనక పిన్ చేసి వచ్చాను. అతుక్కున్న రెండు ఫొటోల స్కాన్లను శుభ్రం చేసే పని ఇంకా నడుస్తోంది. అవి వచ్చాక పాసేజ్‌లో మేనత్త ఫొటో పక్కన ఏది రావాలో పెద్దాయనే చెబుతారు.